బ్యాకప్‌లకు ఎన్‌క్రిప్షన్, రెండో సైటులో కాపీ: కీ ఎక్కడ దాచాలి, కాపీ ఎలా తీయాలి?

#1 కొత్తనీరు

అందరికీ నమస్కారం. ఒక పని నా మీద పడింది. దిగేముందు అనుభవం ఉన్నవాళ్లను అడుగుదామని ఈ పోస్ట్ పెడుతున్నాను.

మా దగ్గర ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది, సుమారు 1 టీబీ. యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఇంకో 5 టీబీ. రోజూ రాత్రి బ్యాకప్ తీసి పక్క ర్యాక్‌లో ఉన్న నాస్‌లో (నెట్‌వర్క్ మీద నడిచే స్టోరేజ్ పెట్టె) పెడుతున్నాం. అంటే అసలు డేటా, దాని కాపీ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాను మార్చడం) అసలు లేదు. ఇకమీదట బ్యాకప్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ కావాలి, దూరంగా ఉన్న రెండో సైటుకు కూడా చేరాలి. అక్కడ ఒక స్టోరేజ్ సర్వర్ సిద్ధంగా ఉంది.

నా సందేహాలు ఇవీ. ఎన్‌క్రిప్షన్ ఎక్కడ చెయ్యాలి? నాస్‌లోనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే ఒక్క క్లిక్‌తో పని అయిపోతుందని టీమ్‌లో కొందరు అంటున్నారు. రెండోది, నాస్‌లో ఉన్న బ్యాకప్‌ను ఉన్నదున్నట్టు రెండో సైటుకు సింక్ చేస్తే సరిపోతుందా, లేక రెండు చోట్లకూ వేర్వేరుగా బ్యాకప్ తీయాలా? మూడోది కీ సంగతి. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచడం లేదు.

ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. రెండో సైటులో డేటాబేస్‌కు స్ట్రీమింగ్ రెప్లికా (ప్రతి మార్పునూ వెంటవెంటనే అందుకునే నకలు డేటాబేస్) పెట్టేస్తే బ్యాకప్ పంపాల్సిన అవసరమే ఉండదు కదా అని. దానికి ఏం చెప్పాలి?

#2 రాత్రిపాళీ

టూల్స్ జోలికి వెళ్లకముందే రెండు అంకెలు రాతపూర్వకంగా తీసుకోండి. ఎంత డేటా పోయినా తట్టుకోగలరు (ఆర్‌పీఓ), ఎన్ని గంటల్లో మళ్లీ నడవాలి (ఆర్‌టీఓ). ఈ రెండూ చెప్పాల్సింది మీరు కాదు, ఆ అప్లికేషన్ మీద ఆధారపడి పని చేసేవాళ్లు. రోజుకోసారి రాత్రి బ్యాకప్ అంటే చివరి 24 గంటల డేటా పోవడానికి ఒప్పుకున్నట్టే. ఆ మాట వాళ్లకు ఎవరైనా చెప్పారా?

తర్వాత లైను లెక్క వెయ్యండి. 6 టీబీ వెనక్కి తెచ్చుకోవాలంటే 100 ఎంబీపీఎస్ లైను మీద, అది నిండుగా నడిచినా, ఐదున్నర రోజులు పడుతుంది. 1 జీబీపీఎస్ మీద 13 గంటలు దాటుతుంది. రోజువారీ మార్పులు పంపడానికి సరిపోయిన లైను, అంతా ఒకేసారి వెనక్కి లాగాల్సి వచ్చినప్పుడు చాలకపోవచ్చు. అందుకే రెండో సైటులో స్టోరేజ్ ఒక్కటే కాకుండా, అవసరమైతే అక్కడే లేపడానికి ఒక మెషీన్ కూడా ఉందా అన్నది చూడండి.

#3 పట్టికలు

రెప్లికా ప్రశ్న మాత్రం నేను తీసుకుంటాను. డేటాబేస్‌లే నా పని, ఈ మాట ఎన్నిసార్లు విన్నా గుండె జారుతుంది.

రెప్లికా బ్యాకప్ కాదు. ప్రైమరీలో, అంటే అసలు డేటాబేస్‌లో, ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ డ్రాప్ చేస్తే (చెరిపేస్తే) ఆ కమాండ్ క్షణాల్లో రెప్లికాలోనూ నడుస్తుంది. అప్లికేషన్‌లో బగ్ ఉండి లక్ష వరుసల్లో తప్పు విలువలు రాస్తే అవీ అంతే నమ్మకంగా అక్కడికి చేరతాయి. మెషీన్ చచ్చిపోతే రెప్లికా ఆదుకుంటుంది. మనిషి చేతి తప్పు నుంచి, దాడి నుంచి ఆదుకోలేదు.

2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో జరిగింది వాళ్లే బయటపెట్టారు, మీ టీమ్ చేత చదివించండి. రెప్లికేషన్ వెనకబడిపోతే దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ఒక ఇంజనీర్ సెకండరీ (రెప్లికా)లోని డేటా డైరెక్టరీ ఖాళీ చెయ్యబోయి ప్రైమరీలో చేసేశారు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసుకోవడం) తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, డేటాబేస్ వెర్షన్ 9.6. వెర్షన్లు కలవక డంప్ ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది, వాటిని దాచే క్లౌడ్ బకెట్ ఖాళీ. ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్స్ కూడా డీమార్క్ (పంపింది అసలువాళ్లేనా అని చూసే) తనిఖీ దగ్గర తిరస్కరణకు గురవుతున్నాయి, కాబట్టి ఎవరికీ తెలియలేదు. స్టేజింగ్ (పరీక్షల సర్వర్) కోసమని దాదాపు 6 గంటల ముందు చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో ఆ నకలు) ఉండబట్టి గట్టెక్కారు. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది.

ఓడల రవాణా సంస్థ మెర్స్క్ సంగతి వేరే రకం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా మాల్‌వేర్ వచ్చినప్పుడు వాళ్ల డొమైన్ కంట్రోలర్లు (నెట్‌వర్క్‌లో లాగిన్లు చూసే సర్వర్లు) దాదాపు 150 ఉన్నాయి. ఒకదానితో ఒకటి సింక్ అవుతుంటాయి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్న ధైర్యం. అన్నీ ఒకేసారి పోతాయన్న ఊహే లేదు. ఘానాలో కరెంటు పోయి నెట్‌వర్క్ నుంచి తెగిపోయిన ఒకే ఒక్క కంట్రోలర్ మిగిలింది, దాన్నుంచే మొత్తం మళ్లీ కట్టుకొచ్చారు.

#4 నీలిమేఘం

పట్టికలు గారు చెప్పింది నిజమే కానీ, అది విని కొత్తనీరు గారు రెప్లికా ఆలోచనే వదిలేస్తారేమోనని నా భయం. వదలొద్దు. 1 టీబీ డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి రిస్టోర్ చేసి లాగ్‌లన్నీ ఎక్కించేదాకా యూజర్లు కూర్చుని ఉండరు. సైటు మొత్తం పోయినప్పుడు నిమిషాల్లో నిలబెట్టేది రెప్లికానే. రెండూ కావాలి, రెండింటి పనీ వేరు.

పోస్ట్‌గ్రెస్‌లో రెప్లికాకు కావాలని ఆలస్యం పెట్టే సెట్టింగ్ ఉంది. మార్పులు వచ్చి పడుతుంటాయి, కానీ మీరు చెప్పిన సమయం తర్వాతే అమలవుతాయి. కొన్ని గంటల ఆలస్యంతో ఒక రెప్లికా ఉంటే, పొద్దున జరిగిన తప్పు దానికి చేరేలోపే ఆపి, పాత డేటా బయటికి తీసుకోవచ్చు. అయినా అది బ్యాకప్‌కు బదులు కాదు.

ఇక సింక్రనస్ రెప్లికేషన్ (రెప్లికాకు చేరిందని తెలిశాకే మార్పును ఖాయం చేసే పద్ధతి) పెట్టమని ఎవరైనా అంటే దూరం అడగండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ప్రతి 100 కిలోమీటర్లకూ రానూపోనూ 1 మిల్లీసెకను ఖర్చు, అదీ మధ్యలో ఏ పరికరం ఆలస్యం చెయ్యకపోతే. ప్రతి కమిట్ (మార్పును ఖాయం చెయ్యడం) అంతసేపూ ఆగి నిలబడాలి. చాలామందికి అసింక్రనస్సే సరిపోతుంది, కొద్ది సెకన్ల డేటా పోయే అవకాశం ఉందని ఒప్పుకుంటే.

#5 తాళంగుత్తి

ఎన్‌క్రిప్షన్ ఎక్కడ చెయ్యాలన్నది, ఎవరి నుంచి కాపాడుకోవాలన్న దాన్ని బట్టి ఉంటుంది.

నాస్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే, ఆ డిస్కును ఎవరైనా ఊడబెరుక్కుని పోయినప్పుడు, పాడైన డిస్కును వారంటీకి పంపినప్పుడు పనికొస్తుంది. అంతే. మెషీన్ ఆన్‌లో ఉండగా వాల్యూమ్ తెరిచే ఉంటుంది, లాగిన్ దొరికినవాడికి ఫైళ్లన్నీ మామూలుగానే కనిపిస్తాయి. పైగా అక్కణ్ణుంచి రెండో సైటుకు సింక్ చేస్తే వెళ్లేది తెరిచిన డేటానే. దారిలో టీఎల్‌ఎస్సో ఎస్‌ఎస్‌హెచ్చో (లైను మీది ఎన్‌క్రిప్షన్) కాపాడుతుంది, అవతలికి చేరాక మళ్లీ మామూలు ఫైలే.

క్లౌడ్‌లో సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ దాదాపు ఇలాంటిదే. అనుమతి ఉన్న అకౌంట్ అడిగితే తాళం తీసి ఇస్తుంది. మీ అకౌంట్ పాస్‌వర్డ్ పోయిన రోజు అది అడ్డుపడదు.

మీ అవసరానికి సరైనది, డేటా మీ సర్వర్ దాటకముందే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చెయ్యడం. రెస్టిక్, బోర్గ్, కోపియా అన్నీ అదే చేస్తాయి. అప్పుడు నాస్, రెండో సైటు, మధ్యలో లైను, ఎవరినీ నమ్మక్కర్లేదు. వాళ్ల దగ్గరున్నది అర్థంకాని బైట్లు మాత్రమే.

రెండు జాగ్రత్తలు. మొదటిది, ఏఈఎస్-256 (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అని రాసి ఉంటే చాలదు, డేటాను ఎవరైనా మార్చితే పట్టుకునే పద్ధతి కూడా ఉండాలి. జీసీఎం మోడ్ గానీ, చాచా20-పోలీ1305 గానీ, రెస్టిక్ వాడే సీటీఆర్ ప్లస్ పోలీ1305 గానీ ఆ పని చేస్తాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్‌లో ఎక్కువగా కనిపించే ఎక్స్‌టీఎస్ మోడ్ చెయ్యదు. అందులో ఒక బ్లాక్ చెడిపోతే చెత్త వస్తుంది, చెడిపోయిందన్న సంగతి మీకు ఎవరూ చెప్పరు.

రెండోది వరుస. ముందు డూప్లికేట్లు తీసెయ్యాలి, తర్వాత కంప్రెస్ చెయ్యాలి, ఆఖర్న ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా యాదృచ్ఛికంగా కనిపిస్తుంది కాబట్టి ఆ తర్వాత ఏ కంప్రెషనూ దాన్ని తగ్గించలేదు. డంప్‌ను జీపీజీ అనే టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి రోజూ పంపేవాళ్లకు ప్రతి రాత్రీ మొత్తం 1 టీబీ కొత్త డేటాగానే వెళ్తుంది.

#6 కొత్తనీరు

అందరికీ థాంక్స్. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే చాలదని ఇప్పుడు అర్థమైంది. ఫైళ్లకు రెస్టిక్ అనుకుంటున్నాను. నాస్‌లో ఉన్న రెస్టిక్ రిపాజిటరీ (బ్యాకప్‌లన్నీ దాచే చోటు) ఎలాగూ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కదా, దాన్ని రాత్రికి రాత్రి ఆర్‌సింక్‌తో (ఫైళ్లను ఉన్నదున్నట్టు కాపీ చేసే టూల్) రెండో సైటుకు పంపేస్తే ఏమైనా ఇబ్బందా?

#7 పాతకాపు

పని చేస్తుంది. కానీ ఆర్‌సింక్‌కు మంచీ చెడూ తెలియదు. నాస్‌లో రిపాజిటరీ చెడిపోతే చెడిపోయినదే అక్కడికీ వెళ్తుంది. డిలీట్ ఆప్షన్ పెట్టారనుకోండి, నాస్‌లో ఎవరో ఖాళీ చేస్తే అవతల కూడా ఖాళీ అవుతుంది. పట్టికలు గారు రెప్లికా గురించి చెప్పిందంతా బ్యాకప్ కాపీకి కూడా వర్తిస్తుంది, దీన్ని మాత్రం చాలామంది గమనించరు.

బోర్గ్ పాత 1 వరుస వెర్షన్లు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. రిపాజిటరీని ఆర్‌సింక్‌తో కాపీ చేసి, తర్వాత రెండింట్లోనూ విడివిడిగా బ్యాకప్‌లు రాస్తే, ఒకే కీతో ఒకే కౌంటర్ విలువలు రెండుసార్లు వాడినట్టవుతుంది. కౌంటర్ మీద నడిచే సీటీఆర్ మోడ్‌లో అది జరిగితే ఎన్‌క్రిప్షన్ బలం పోయినట్టే. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే దీని గురించి హెచ్చరిక ఉంది. బోర్గ్‌తో రెండు చోట్లకు పంపాలంటే రెండు వేర్వేరు రిపాజిటరీలు పెట్టి రెండుసార్లు బ్యాకప్ తీయడమే పద్ధతి.

రెస్టిక్‌లో మధ్యేమార్గం ఒకటుంది, దాని కాపీ కమాండ్. ఒక రిపాజిటరీ నుంచి స్నాప్‌షాట్లు చదివి, సరిచూసి, రెండో రిపాజిటరీ కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. చెడిపోయిన ముక్క దగ్గర ఎర్రర్ ఇస్తుంది, చడీచప్పుడు లేకుండా పంపదు. రెండో రిపాజిటరీ తయారు చేసేటప్పుడే మొదటిదాని చంకర్ సెట్టింగ్‌లు (ఫైళ్లను ముక్కలుగా ఎలా కోయాలో చెప్పేవి) తీసుకోమని చెప్పాలి. అది మర్చిపోతే రెండింట్లో ముక్కలు వేరేగా తెగుతాయి, తర్వాత ఎప్పుడైనా నేరుగా రెండో చోటికి బ్యాకప్ తీస్తే ఉన్న డేటానే మళ్లీ నిండుతుంది. ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. కాపీ నడిపే మెషీన్‌కు రెండు పాస్‌వర్డ్‌లూ తెలియాలి. కాబట్టి దాన్ని నాస్ మీదో, రెండో సైటు సర్వర్ మీదో నడపొద్దు.

అసలు ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. మీ ప్రొడక్షన్ సర్వర్ (యూజర్లు వాడే అసలు సర్వర్) ఎవరి చేతుల్లోనైనా పడితే, దానిలో ఉన్న పాస్‌వర్డ్‌లతో రెండో సైటులోని బ్యాకప్‌ను చెరిపెయ్యగలరా? చెరపగలరంటే మీకు బ్యాకప్ లేదు. ఎన్‌క్రిప్షన్ చదవకుండా ఆపుతుంది, చెరపకుండా ఆపదు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ అలాగే మూతపడింది. దాడిచేసినవాడికి క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్ దొరికింది. స్నాప్‌షాట్లు, బకెట్లు, బ్యాకప్‌లు చాలావరకూ అక్కణ్ణుంచే తీసేశాడు.

రెస్టిక్ బ్యాకప్‌లు అందుకునే రెస్ట్ సర్వర్‌లో అపెండ్-ఓన్లీ మోడ్ ఉంది. మీ ప్రొడక్షన్ సర్వర్ కొత్తవి చేర్చగలదు, పాతవి తీసెయ్యలేదు. పాతవి తీసేసే పని ఇంకో మెషీన్ నుంచి, ఇంకో లాగిన్‌తో చెయ్యండి.

#8 రాత్రిపాళీ

పాతకాపు గారి మాటకు ఒక చేర్పు. డిలీట్ చేసేది దాడిచేసినవాడే కానక్కర్లేదు. 2021 డిసెంబర్‌లో క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టే 77 టీబీ చెరిపేసింది, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు. పాత లాగ్‌లు తీసేసే స్క్రిప్ట్ నడుస్తుండగానే దాన్ని కొత్త వెర్షన్‌తో మార్చారు. మధ్యలోంచి కొత్త ఫైలు చదవడంతో ఒక వేరియబుల్ ఖాళీగా మిగిలింది, లాగ్‌ల బదులు డేటా పోయింది. చెరిపే అధికారం ఉన్న స్క్రిప్ట్ ఏదైనా సరే, దాన్ని ప్రొడక్షన్ కోడ్‌తో సమానంగా రివ్యూ చెయ్యాలి.

#9 నీలిమేఘం

క్లౌడ్ ఆబ్జెక్ట్ స్టోరేజ్ వాడేవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదివితే వాళ్లకోసం కొన్ని చెబుతాను. అమెజాన్ ఎస్3 గురించే చెబుతున్నా, మిగతావి కొద్దిగా తేడాగా ఉంటాయి.

రీజియన్ల మధ్య రెప్లికేషన్ ఆన్ చేస్తే అప్పటినుంచి వచ్చే ఆబ్జెక్టులే (ఫైళ్లే) వెళ్తాయి. అంతకుముందే ఉన్నవి వాటంతట అవి వెళ్లవు, బ్యాచ్ రెప్లికేషన్ విడిగా నడపాలి. కేఎంఎస్ (క్లౌడ్‌లో కీలు నిర్వహించే సర్వీసు) కీతో ఎన్‌క్రిప్ట్ అయినవి కూడా డిఫాల్ట్‌గా వెళ్లవు. అవి కావాలని చెప్పి, అవతలి రీజియన్‌లో ఏ కీ వాడాలో ఇవ్వాలి. ఇది చూడకుండా పచ్చ టిక్కు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఉన్నారు, అవతలి బకెట్‌లో ఆబ్జెక్టుల లెక్క ఒక్కసారైనా సరిచూడాలి.

ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా చెరపనివ్వని తాళం) పెడితే గవర్నెన్స్ మోడ్‌కూ కంప్లయన్స్ మోడ్‌కూ తేడా తెలుసుకోండి. మొదటిదాన్ని ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు దాటగలరు. రెండోదాన్ని గడువు తీరేదాకా రూట్ అకౌంట్ కూడా దాటలేదు. గడువు పదేళ్లని పొరపాటున కొడితే పదేళ్ల స్టోరేజీ మోయాల్సిందే, కాబట్టి చిన్న గడువుతో మొదలుపెట్టండి.

ఇంకా ముఖ్యమైనది: రెండు రీజియన్లు ఉన్నా అకౌంట్ ఒక్కటే అయితే ప్రమాదం ఒక్కటే. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్, అప్పట్లో ఇద్దరూ కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం రెండు భౌగోళిక ప్రాంతాల్లోనూ, చెరిగిపోయింది. ఏర్పాటు చేసినప్పుడు ఒక పారామీటర్ ఖాళీగా వదిలెయ్యడం కారణం. వేరే ప్రొవైడర్ దగ్గర పెట్టుకున్న బ్యాకప్‌లు వాళ్లకు సాయపడ్డాయి. అయినా సర్వీసులు తిరిగి రావడానికి వారం పైనే పట్టింది.

ఎన్‌క్రిప్షన్ ఎదురు తిరిగిన సంగతి కూడా ఉంది. 2025 జనవరిలో బయటపడ్డ కోడ్‌ఫింగర్ దాడుల్లో, దొంగిలించిన యాక్సెస్ కీలతో బకెట్లలోకి వెళ్లి, కస్టమర్ ఇచ్చే కీతో ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యాన్నే వాడి, తమ కీతో అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగారు. ఆ కీని క్లౌడ్ దాచుకోదు కాబట్టి వాళ్లు కూడా తీసివ్వలేరు.

#10 టేపురీలు

టేపును మర్చిపోకండి. అల్మారాలో ఉన్న టేపు జోలికి ఏ మాల్‌వేరూ రాలేదు. ఎల్‌టీఓ టేపుల్లో నాలుగో తరం, అంటే ఎల్‌టీఓ-4 నుంచీ డ్రైవ్‌లోనే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉంది, వేగం తగ్గదు. రెండు విషయాలు చూసుకోవాలి. టేపు కీలు లైబ్రరీలోనో దాని కీ మేనేజర్‌లోనో మాత్రమే ఉంటే, ఆ గదితోపాటు అవీ పోతాయి. ఇక డ్రైవ్ తరం. ఎల్‌టీఓ-7 వరకూ రెండు తరాల వెనకటి టేపులు చదివేవి. ఎల్‌టీఓ-8, 9 ఒక్క తరం వెనక్కే చదువుతాయి. అంటే ఎల్‌టీఓ-6 టేపులు దాచి, రెండో సైటులో ఎల్‌టీఓ-8 డ్రైవ్ పెట్టుకుంటే అవి చదవలేరు.

#11 కొత్తనీరు

టేపు మాకు ఇప్పట్లో కుదరదు కానీ నోట్ చేసుకున్నాను. కీ సంగతి ఎవరైనా వివరంగా చెప్పండి, అదే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

#12 తాళంగుత్తి

టెన్షన్ పడాల్సిందే. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌కు కీ పోతే ఆ బ్యాకప్ లేనట్టే, ఏ కంపెనీ సపోర్టూ దాన్ని తెరవలేదు. అలాగని బ్యాకప్ పక్కనే కీ పెడితే ఎన్‌క్రిప్షన్ లేనట్టే.

ఒక చోట రిస్టోర్ డ్రిల్‌కు (ప్రమాదం జరిగిందనుకుని చేసే సాధన) నన్ను పరిశీలకుడిగా పిలిచారు. కొత్త ల్యాప్‌టాప్ ఒకటి బల్లమీద పెట్టి, మీ పాత గది మొత్తం లేదనుకోండి, ఇక మొదలుపెట్టండి అన్నారు. బ్యాకప్ రెండో సైటులో భద్రంగా ఉంది. దాని పాస్‌వర్డ్ ఎక్కడుంది? పాస్‌వర్డ్ మేనేజర్‌లో. పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కడుంది? వాళ్లే నడుపుకునే సర్వర్‌లో, అంటే లేని గదిలో. దాని బ్యాకప్ ఉంది కదా అంటే, అదీ ఈ రిపాజిటరీలోనే, ఈ పాస్‌వర్డ్‌తోనే తెరవాలి. ఇంట్లోనే తాళంచెవి పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. ఒకరి నోట్‌బుక్‌లో పాత పాస్‌వర్డ్ దొరికింది, అదృష్టవశాత్తూ అది ఇంకా పనిచేస్తోంది. సరేనని రెండో సైటుకు లాగిన్ కాబోతే ఓటీపీ అడిగింది, ఆ ఫోన్ సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉంది. ఆయన్ను పట్టుకుని ఓటీపీ తెప్పిస్తే, ఫైర్‌వాల్ ఒప్పుకోలేదు. పాత ఆఫీస్ ఐపీ నుంచి వచ్చేవాళ్లనే రానివ్వమని దానికి చెప్పి ఉంది. సాయంత్రానికి ఒక్క ఫైలు కూడా రిస్టోర్ కాలేదు. బ్యాకప్‌లో లోపం ఒక్కటీ లేదు.

కాబట్టి నా సలహా, పాత గదిలో ఉన్నదేదీ ముట్టుకోకుండా కీ దొరకాలి. రిపాజిటరీ చిరునామా, పాస్‌ఫ్రేజ్, రెండో సైటు లాగిన్, ఓటీపీ రికవరీ కోడ్‌లు, ఏ వెర్షన్ టూల్‌తో ఏ కమాండ్ కొట్టాలి, ఇవన్నీ కాగితం మీద అచ్చు వేసి సీల్ వేసిన కవర్లో పెట్టి కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. పాస్‌ఫ్రేజ్‌లో సున్నాకూ ఇంగ్లీష్ ఓ అక్షరానికీ తేడా తెలియని ఫాంట్ వాడొద్దు. బోర్గ్‌లో కీని కాగితానికి ఎగుమతి చేసే ఆప్షన్ ఉంది. ప్రతి లైనుకూ చెక్‌సమ్ వేస్తుంది, టైప్ చేసేటప్పుడు తప్పు పడితే ఆ లైను దగ్గరే చెబుతుంది.

ఒక్క మనిషి చేతిలో పూర్తి కీ ఉండకూడదనుకుంటే షమీర్ పద్ధతి ఉంది, 1979 నాటిది. రహస్యాన్ని ఐదు ముక్కలు చేసి, ఏ మూడు కలిసినా తిరిగి వచ్చేలా పెట్టొచ్చు. రెండు ముక్కలు దొరికినవాడికి ఏమీ తెలియదు.

కీ మార్చడం గురించి: రెస్టిక్‌లో పాస్‌వర్డ్ మార్చితే లోపలి మాస్టర్ కీ మారదు. పాత పాస్‌వర్డ్‌తోపాటు రిపాజిటరీలోని పాత కీ ఫైలు కూడా ఎవరి చేతికైనా చిక్కి ఉంటే, మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. కొత్త రిపాజిటరీ మొదలుపెట్టాలి. అమెజాన్ కేఎంఎస్‌లో ఎవరైనా కీ డిలీట్ కొడితే 7 నుంచి 30 రోజుల నిరీక్షణ ఉంటుంది, ఆ లోపు రద్దు చెయ్యొచ్చు. ఆ డిలీట్ రిక్వెస్ట్‌కు అలారం పెట్టి తీరాలి.

#13 పాతకాపు

షమీర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. గణితం అద్భుతంగా ఉంటుంది. కానీ ఆపద వేళ ముగ్గురు మనుషులు, మూడు ముక్కలు, ఆ ముక్కలు కలిపే ప్రోగ్రామ్, అన్నీ ఒకచోటికి రావాలి. నలుగురు ఉన్న టీమ్‌లో ఇద్దరు వెళ్లిపోతే ముక్కలు ఎవరి దగ్గరున్నాయో కూడా తెలియదు. చిన్న టీమ్‌కు రెండు సీల్డ్ కవర్లు చాలు. ఎవరు తెరిచినా తెలుస్తుంది, అంతకుమించి అక్కర్లేదు.

#14 తాళంగుత్తి

వీళ్ల టీమ్‌కైతే సరే, కవర్లే మేలు. పెద్ద సంస్థలో ఒక్కరే కవర్ తెరిచి డేటా మొత్తం పట్టుకుపోగలరన్నది నిజమైన ప్రమాదం, అక్కడ నా మాట మీదే ఉంటాను.

#15 పట్టికలు

రిస్టోర్ పరీక్ష గురించి ఇంకా ఎవరూ వివరంగా రాయలేదు, కాబట్టి డేటాబేస్ వైపు నుంచి నేను రాస్తాను.

డేటాబేస్‌కు రాత్రి డంప్ ఒక్కటే కాకుండా బేస్ బ్యాకప్ (డేటాబేస్ ఫైళ్ల పూర్తి కాపీ) తీసి, వాల్ ఫైళ్లు (ప్రతి మార్పూ రాసి ఉండే లాగ్‌లు) ఎప్పటికప్పుడు ఆర్కైవ్ చెయ్యండి. అప్పుడు ఆర్‌పీఓ 24 గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది, తప్పు జరగడానికి సరిగ్గా ముందున్న క్షణానికి వెనక్కి వెళ్లొచ్చు. పీజీబ్యాక్‌రెస్ట్ అనే టూల్ బ్యాకప్‌నూ వాల్‌నూ రెండింటినీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఒకటికంటే ఎక్కువ రిపాజిటరీలు పెట్టుకోనిస్తుంది, ఒక్కోదానికి ఒక్కో పాస్‌ఫ్రేజ్. బేస్ బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ చేసి వాల్‌ను మామూలుగా వదిలేసినవాళ్లను చూశాను. వాల్‌లో మీ యూజర్ల డేటాలో మారినదంతా ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్ 13 నుంచి బేస్ బ్యాకప్‌తో మ్యానిఫెస్ట్ (ఫైళ్ల జాబితా, వాటి చెక్‌సమ్‌లు) వస్తుంది, దానితో ఫైళ్లు సరిచూసే టూల్ కూడా ఉంది. అది మొదటి మెట్టు మాత్రమే. నిజంగా రిస్టోర్ చేసి, సర్వర్ లేపి, మీకు తెలిసిన ప్రశ్నలు అడగాలి. నిన్నటి చివరి ఆర్డర్ ఉందా, ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క కుదిరిందా.

ఇంకో ఉచ్చు, ఇది చాలామందికి తెలియదు. రెండో సైటులో లినక్స్ వెర్షన్ వేరే అయితే జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) కూడా వేరే ఉండొచ్చు. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో అక్షరాల వరుస నియమాలు మారాయి. పాత వరుసతో కట్టిన ఇండెక్సులను (డేటాబేస్ త్వరగా వెతకడానికి వాడే పట్టీలు) కొత్త మెషీన్ మీద రిస్టోర్ చేస్తే డేటాబేస్ లేస్తుంది, ఎర్రర్ రాదు, కానీ ఉన్న రికార్డులే వెతికితే దొరకకపోవచ్చు. యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్లు దూరిపోవచ్చు. రెప్లికాకూ ఇదే వర్తిస్తుంది. రెండు సైట్లలో ఓఎస్ వెర్షన్ ఒకటే ఉంచండి, కుదరకపోతే రీఇండెక్స్‌కు పట్టే సమయాన్ని ఆర్‌టీఓలో కలపండి.

#16 రాత్రిపాళీ

ఫైళ్ల వైపు రెస్టిక్‌లో ఒక సౌకర్యం నాకు బాగా నచ్చుతుంది. రిపాజిటరీలో డేటా ఫైళ్ల పేర్లే వాటి షా-256 హ్యాష్‌లు (ఫైలులో ఉన్నదాన్నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటివి). అంటే రెండో సైటులో పాస్‌వర్డ్ ఏమీ లేకుండానే ఒక చిన్న స్క్రిప్ట్ ప్రతి ఫైలు హ్యాష్ లెక్కకట్టి పేరుతో పోల్చి, డిస్క్ మీద ఏదైనా చెడిపోయిందేమో పట్టుకోగలదు. దీనితోపాటు కీ ఉన్న మెషీన్ నుంచి చెక్ కమాండ్‌ను డేటాలో ఒక భాగం చదివేలా నడపండి. ఈ వారం కొంత, వచ్చే వారం కొంత, అలా మొత్తం తిరిగి వస్తుంది.

ఒకే సైటులో పెట్టొద్దని మీకు చెప్పక్కర్లేదు కానీ, మీ పైవాళ్లను ఒప్పించడానికి పనికొస్తాయని రెండు సంఘటనలు చెబుతాను. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ ఎస్‌బీజీ2 తగలబడింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు వచ్చాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్, 858 టీబీ, బయట బ్యాకప్ లేక పోయింది. మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ కుదరలేదని కారణం చెప్పారు. ఆ మాట మీ ఆఫీసులో ఎవరైనా అంటే ఈ అంకె చూపించండి.

#17 కొత్తనీరు

ఇన్ని వివరాలు ఇస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ప్లాన్ ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి.

డేటాబేస్‌కు పీజీబ్యాక్‌రెస్ట్, రెండు రిపాజిటరీలు, నాస్‌లో ఒకటి, రెండో సైటులో ఒకటి, వేర్వేరు పాస్‌ఫ్రేజ్‌లు. ఫైళ్లకు రెస్టిక్, ముందు నాస్‌కు, అక్కణ్ణుంచి రెండో సైటుకు కాపీ కమాండ్‌తో, దాన్ని నడిపే చిన్న మెషీన్ విడిగా. రెండో సైటులో అపెండ్-ఓన్లీ, పాతవి తీసే లాగిన్ వేరే మనిషి దగ్గర. రెండు సీల్డ్ కవర్లు. ఆలస్యంతో నడిచే రెప్లికా గురించి పైవాళ్లతో మాట్లాడాలి, ఆర్‌టీఓ అంకె వాళ్లు ఇచ్చాకే. బ్యాకప్ విజయవంతంగా పూర్తయినప్పుడల్లా బయటి మానిటర్‌కు ఒక పింగ్ పోతుంది. పింగ్ రాకపోతే అలారం మోగుతుంది, ఫెయిల్యూర్ మెయిల్ కోసం ఎదురుచూడం.

ఒక్కటే మిగిలింది. డ్రిల్ చేసినప్పుడు నిజమైన యూజర్ల డేటా ఒక తాత్కాలిక మెషీన్ మీదికి వస్తుంది కదా. దాని సంగతి ఏం చెయ్యాలి?

#18 పాతకాపు

ప్లాన్ బాగుంది. రెండో సైటు రెస్ట్ సర్వర్‌లో డిస్క్ నిండితే ఏం జరుగుతుందో కూడా రాసుకోండి. అపెండ్-ఓన్లీలో ప్రొడక్షన్ వైపు నుంచి ఏమీ తగ్గదు కాబట్టి, పాతవి తీసే మనిషి ఒక నెల మర్చిపోతే కొత్త బ్యాకప్‌లు ఆగిపోతాయి. ఖాళీ స్థలానికీ అలారం పెట్టండి.

#19 రాత్రిపాళీ

డ్రిల్ మెషీన్ గురించి. రిస్టోర్ మొదలుపెట్టకముందే దాని నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ ఆపెయ్యండి, బ్యాకప్ లాగే దారి ఒక్కటి తప్ప. అప్లికేషన్ లేవగానే దాని క్రాన్ పనులూ (వేళకు వాటంతట అవి నడిచేవి) లేస్తాయి. క్యూలో ఉన్న మెయిల్స్ నిజమైన యూజర్లకు రెండోసారి వెళ్లిపోతాయి, పేమెంట్ రిక్వెస్టులు కూడా. డేటా డిస్కును మొదట్లోనే లక్స్‌తో (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఫార్మాట్ చేసి, ఆ డ్రిల్ కోసమే ఒక పాస్‌ఫ్రేజ్ పెట్టండి. పని అయ్యాక లక్స్ హెడర్‌లోని కీ స్లాట్లన్నీ చెరిపేసి, హెడర్ బ్యాకప్ ఎక్కడా మిగల్లేదని చూసుకుంటే ఆ డేటాను తెరవడం దాదాపు అసాధ్యం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకాల్లో కూడా క్రిప్టోగ్రాఫిక్ ఎరేజ్ అని ఈ పద్ధతి ఉంది. అద్దె మెషీన్ అయినా, సొంత డిస్క్ అయినా ఇదే వరుస.